ఫోన్ లాక్కోకుండా: టీనేజ్ పిల్లలు తమ సోషల్ మీడియా అలవాటును తామే దిద్దుకునేలా చేయడం ఎలా

పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే మన ఇళ్లల్లో ముందుగా జరిగే పని ఫోన్ దాచేయడం. బీరువాలో పెట్టి తాళం వేస్తారు, కాదంటే రీచార్జ్ మానేస్తారు. పరీక్షలైన మర్నాడు ఫోన్ మళ్లీ చేతికొస్తుంది. ఇక వేసవి సెలవులంతా పిల్లాడు తెల్లవారుజాము దాకా రీల్స్ చూస్తూనే ఉంటాడు. ఇంటర్‌కి హాస్టల్లో వేస్తే అక్కడ ఫోన్ ఉండదు. దసరాకో సంక్రాంతికో ఇంటికొస్తే కాళ్లు కడుక్కోకముందే అమ్మ ఫోన్ అడుగుతాడు. దాచినన్నాళ్లూ అలవాటు ఎక్కడికీ పోలేదన్నమాట.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫోన్ దాచేయడం కుదరకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఇక్కడ ఎన్నో ఇళ్లల్లో నాన్న చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనిచేస్తుంటాడు. తీరంలోని ఊళ్లవాళ్లయితే గుజరాత్‌లోని వెరావల్ దాకా చేపల వేటకు వెళ్తారు. పిల్లలు నానమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో పెరుగుతారు. రాత్రి వచ్చే వీడియో కాల్‌లోనే నాన్న ముఖం కనిపిస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు కరెంటు లేక, ఫోన్లు కలవక దూరాన ఉన్నవాళ్లు ఎంత తల్లడిల్లారో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అలాంటి ఫోన్‌ను పట్టుకుని పిల్లల ముందు "ఈ దరిద్రం వల్లే నువ్వు పాడవుతున్నావు" అంటే ఆ మాట వాళ్ల బుర్రకెక్కదు. వాళ్ల నాన్న ఉన్నది ఆ ఫోన్‌లోనే. క్లాసు గ్రూపూ, రీల్సూ కూడా అందులోనే ఉన్నాయి.

హైస్కూల్ పిల్లలతో రోజూ గడిపే టీచర్‌గా నేను గట్టిగా నమ్మే మాట ఒకటి ఉంది. తన వాడకాన్ని తానే లెక్క చూసుకున్న పిల్లాడే దాన్ని మార్చుకుంటాడు. అదే లెక్క మనం చెబితే తిట్టులా వినిపిస్తుంది. కింద చెప్పేదంతా పిల్లలు తామే ఆ లెక్క చూసుకునేలా చేయడానికే. సుమారు నెల రోజుల పని ఇది. 12 నుంచి 18 ఏళ్ల పిల్లలున్న తల్లిదండ్రులూ, మనవల్ని పెంచుతున్న తాతయ్యలూ నానమ్మలూ, క్లాస్ టీచర్లూ ఎవరైనా చేయవచ్చు.

మొదటి అడుగు: ముందు మన ఫోన్ చూసుకోవాలి

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి "డిజిటల్ వెల్‌బీయింగ్" తెరవండి. ఐఫోన్ అయితే "స్క్రీన్ టైమ్". ఈరోజు ఫోన్ మీద ఎంతసేపు ఉన్నారు, ఏ యాప్‌లో ఎంతసేపు, ఎన్నిసార్లు లాక్ తీశారు, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయి అన్నీ అక్కడే ఉంటాయి. గత వారం లెక్క కూడా కనిపిస్తుంది.

ఒక్కసారి చూశాక దాన్ని పిల్లలకు చూపించండి. "నాది ఇంతొచ్చింది చూడు, నేననుకున్నదానికన్నా ఎక్కువే" అనండి. సీరియల్ ముక్కలు, వాట్సాప్ స్టేటస్‌లు, రాజకీయ వీడియోలు మనమూ చూస్తాం కదా. భోజనం దగ్గర మన చేతిలో ఫోన్ ఉండగా వాళ్లకు చెప్పే ఏ నియమమూ నిలవదు. ఇంట్లో పెట్టుకునే కట్టుబాటు పెద్దలకూ వర్తిస్తుందని పిల్లలకు మొదటిరోజే కనిపించాలి.

ఇక్కడే ఇంకోటి. పిల్లల ఫొటో, మార్కుల షీట్, పుట్టినరోజు వీడియో మన స్టేటస్‌లో పెట్టేముందు వాళ్లను అడగండి. వద్దంటే మానేయండి. తన ఫొటో ఎవరు చూడాలో తానే నిర్ణయించుకోవచ్చని పిల్లలకు తెలిసేది ముందు ఇంట్లోనే. రేపు బయటివాడెవడైనా ఫొటో పంపమంటే ఆ అలవాటే వాళ్లను కాపాడుతుంది.

రెండో అడుగు: మాట ఎప్పుడు మొదలుపెట్టాలి

ఫోన్ వాళ్ల చేతిలో ఉన్నప్పుడు వద్దు. మార్కులొచ్చిన రోజు వద్దు. చుట్టాల ముందు అసలే వద్దు. ఎదురుగా కూర్చోబెట్టి కళ్లలోకి చూస్తూ అడిగితే ఈ వయసు పిల్లలు నోరు విప్పరు. పక్కపక్కన ఏదో పని చేసుకుంటున్నప్పుడు మాట దానంతటదే వస్తుంది. బట్టలు మడతపెడుతూ, బండి మీద అరసవల్లి గుడికి వెళ్తూ, పలాస వైపు ఇళ్లల్లో అయితే జీడిపిక్కల పని చేసుకుంటూ కదపండి.

ప్రశ్న కూడా మామూలుగా ఉండాలి. "ఎంతసేపు చూస్తున్నావ్?" అంటే అబద్ధమే జవాబుగా వస్తుంది. "ఏట్రా, ఇన్‌స్టాలో ఈమధ్య ఏటి నడుస్తోంది?" అంటే చూపిస్తాడు. చూపించినప్పుడు ఓపిగ్గా చూడాలి, నచ్చితే నవ్వాలి. తర్వాత ఒకటి రెండు ప్రశ్నలు నెమ్మదిగా వేయవచ్చు. ఎవరి వీడియోలు చూస్తే హుషారొస్తుంది? ఎవరి పోస్టులు చూశాక మనసు పాడవుతుంది? రేపొద్దున ఒక యాప్ మాయమైపోతే ఏది పోయినా నీకు బాధ ఉండదు?

చివరి ప్రశ్నకు కాస్త చరిత్ర కూడా జోడించవచ్చు. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ తెచ్చింది. యాప్ పోయింది కానీ వేలితో పైకి తోసుకుంటూ పోయే అలవాటు మాత్రం ఇంకో యాప్‌లోకి మారింది. "ఎందుకంటావ్?" అని అడిగి ఊరుకోండి. పదిహేనేళ్ల పిల్లలు దీనికి మనం ఊహించనంత తెలివైన జవాబులు చెబుతారు.

మూడో అడుగు: వారం రోజుల నోటుబుక్కు

మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. దీన్ని తొందరపడి దాటేయకండి.

ఒక చిన్న నోటుబుక్కు ఇవ్వండి. ఫోన్‌లో రాసుకోవడం వద్దు, రాద్దామని తెరిచి ఇంకెక్కడికో పోతారు. ఫోన్ పట్టుకున్న ప్రతిసారీ రాయాలంటే ఎవరివల్లా కాదు. రోజుకు మూడు నాలుగు సార్లు, గుర్తున్నంత మేరకు రాస్తే చాలు. ఒక్కోసారికి నాలుగు సంగతులు రాయాలి. ఎప్పుడు తీశాను, ఎందుకు తీశాను, నిజంగా ఏం చేశాను, పెట్టేశాక ఎలా ఉంది. తొమ్మిదో తరగతి అమ్మాయి పేజీ ఒకటి ఇలా ఉండవచ్చు:

"సాయంత్రం 5:10. హోంవర్క్ ఫొటో పెట్టారేమో చూద్దామని గ్రూపు తెరిచాను. ఫొటో చూశాను. తర్వాత షార్ట్స్. లేచేసరికి 6:20. తల నొప్పిగా ఉంది. అమ్మ పిలిస్తే విసుక్కున్నాను."

"రాత్రి 8:00. నాన్న కాల్. పావుగంట మాట్లాడాం. బావుంది."

"రాత్రి 11:15. నిద్ర రావట్లేదని తీశాను. స్టోరీలు చూశాను. వాళ్లంతా కలిసి సిరిమాను ఉత్సవానికి వెళ్లారు, నన్ను పిలవలేదు. 12:40కి పెట్టేశాను. ఏడుపొచ్చింది."

ఈ మూడు ముక్కల్లోనూ ఎంత సమాచారం ఉందో చూడండి. ఒకే ఫోన్, ఒకే సాయంత్రం, కానీ మూడు వేర్వేరు పనులు. మొదటిది జారిపోవడం, రెండోది అవసరం, మూడోది ఒంటరితనం. "రోజుకు మూడు గంటలు వాడావు" అని మనం చదివే చీవాట్లలో ఈ తేడా ఎక్కడా ఉండదు.

ఆ వారంలో రెండు షరతులు పాటించాలి. మొదటిది, పిల్లలు చూపిస్తే తప్ప ఆ పుస్తకం పెద్దలు తెరవకూడదు. ఒక్కసారి దొంగచాటుగా చదివారని తెలిస్తే ఆపైన రాసేదంతా మనకోసం రాసిన కథే. రెండోది, ఆ వారం వాడకాన్ని తగ్గించమని అడగకూడదు. ఎప్పటిలాగే వాడనివ్వండి, రాసుకోనివ్వండి. చూస్తూ ఊరుకోవడం మనకు కష్టమే అయినా ఏడు రోజులు ఓర్చుకోవాలి. మనమూ ఒక పుస్తకం పెట్టుకుని రాసుకుంటే ఆ కష్టం సగమవుతుంది.

రాయడం ఇష్టంలేని పిల్లలుంటారు. వాళ్లు పడుకునేముందు వాయిస్‌గా చెప్పుకోవచ్చు, లేదా వారం చివర డిజిటల్ వెల్‌బీయింగ్ పేజీ ముందు పెట్టుకుని గుర్తుచేసుకోవచ్చు.

నాలుగో అడుగు: ఆ పేజీలు చదువుకోవడం

ఆదివారం తీరిగ్గా కూర్చోండి. పెన్ను పిల్లల చేతిలోనే ఉండాలి. దేనికోసం ఫోన్ తెరిచారో అదే చేసి పెట్టేసిన చోట టిక్కు పెట్టమనండి. ఇంకెక్కడికో జారిపోయిన చోట సున్నా చుట్టమనండి. పెట్టేశాక మనసు బాగోలేదని రాసినచోట కింద గీత గీయమనండి.

అప్పుడు సున్నాలన్నీ ఒకటి రెండు వేళల్లోనే పోగుపడి ఉన్నట్టు చాలామందికి కనిపిస్తుంది. బడి నుంచి వచ్చిన గంట, పక్క ఎక్కిన తర్వాత గంట. లేదా లెక్కల హోంవర్క్ మొదలుపెట్టే ముందు. అంటే రోజంతా సమస్య లేదు. ఆ రెండు చోట్లే ఉంది. పిల్లల ముఖంలో టెన్షన్ తగ్గేది ఈ సంగతి తెలిసినప్పుడే, ఎందుకంటే అంతకుముందు దాకా "నేనే పనికిరానివాణ్ణి" అనుకుంటూ ఉంటారు.

మొత్తం గంటల లెక్కకు మనం ఇచ్చే విలువ ఎక్కువని నా అభిప్రాయం. గ్రామీణ భారతంలో పిల్లల చదువుల మీద జరిగిన అసర్ 2024 సర్వేలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 80 శాతానికి పైగా తమకు స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చని చెప్పారు. అంతకుముందు వారంలో దాన్ని చదువుకోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకోసం వాడినవాళ్లు 76 శాతం. రెండూ కలిపితే వంద దాటుతుందంటే ఒకే పిల్లాడు రెండూ చేస్తున్నాడని అర్థం. ఒకే గంటలో పాఠమూ ఉంటుంది, రీలూ ఉంటుంది. ఆ గంటలో ఏది తను కోరుకున్నది, ఏది తనను లాక్కుపోయింది అన్నదే పిల్లలకు తెలియాలి.

చివర ఒక్క ప్రశ్న: "ఈ సున్నాల్లో ఏ ఒక్కటి పోతే నీకు సుఖంగా ఉంటుంది?" వాళ్లు ఎంచుకున్నదే మొదలుపెట్టండి. అది మనకు చిన్నదిగా కనిపించినా సరే.

ఐదో అడుగు: యాప్ ఎలా లాగుతుందో కలిసి చూడడం

అలవాటుకు కారణం తన బలహీనతేనని పిల్లలు నమ్ముతారు. ఆ యాప్‌లను అలా కట్టారని వాళ్లకు చెప్పాలి. చేతిలో ఫోన్ పెట్టుకుని చూపించాలి.

మొదట చివర లేకపోవడం. పేపరుకి చివరి పేజీ ఉంది, ఇన్‌స్టాకి లేదు. కిందికి వెళ్లేకొద్దీ కొత్తవి వస్తూనే ఉండే ఈ పద్ధతిని 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు. దానివల్ల జనం ఎంత కాలం పోగొట్టుకుంటున్నారో చూసి తర్వాత ఆయనే బహిరంగంగా బాధపడ్డాడు. ఈ ముక్క చెబితే పిల్లలు చెవులు రిక్కిస్తారు.

రెండోది, ఏది ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో, ఎలుకలతో ప్రయోగాలు చేశాడు. ప్రతిసారీ గింజ దొరికితే కన్నా, ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అప్పుడప్పుడు దొరికితేనే అవి ఎక్కువసేపు మీటను వదలకుండా కొట్టాయి. పది రీల్స్‌లో ఏ రీల్ బాగుంటుందో తెలియదు కాబట్టే పదకొండోది కూడా చూస్తాం. లైకులు ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టే పోస్టు పెట్టాక పదేపదే తెరుస్తాం.

మూడోది స్నాప్‌చాట్ స్ట్రీక్, అంటే ఇద్దరు వరుసగా ఎన్ని రోజులు స్నాప్‌లు (ఫొటోలు) పంపుకున్నారో చూపే అంకె. ఇద్దరూ 24 గంటల్లోపు ఒకరికొకరు స్నాప్ పంపకపోతే అంకె పోతుంది. జ్వరమొచ్చినా గోడ ఫొటో తీసి పంపే పిల్లలున్నారు. "ఆ అంకె పోతే మీ స్నేహం పోతుందా?" అని అడగండి, జవాబు వాళ్లే వెతుక్కుంటారు.

తర్వాత ఒక ప్రయోగం చేయించండి, పిల్లలకు భలే నచ్చుతుంది. యూట్యూబ్‌లో పొందూరు ఖాదీ గురించి వెతికి, వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రంచేసే వీడియో ఏదైనా చివరిదాకా చూడమనండి. చేనేత మీద ఇంకో రెండు మూడు చూడమనండి. కాసేపాగి హోమ్ పేజీ తెరిస్తే మగ్గాలు కనబడడం మొదలవుతుంది. ఎవరో గొడవపడే వీడియోలు రెండు చూస్తే గొడవలే వస్తాయి. తను ఆగిన చోటల్లా యాప్ గుర్తుపెట్టుకుంటోందని కళ్లారా చూసిన పిల్లాడు, నచ్చనివాటిని వేగంగా దాటేయడం, "నాట్ ఇంట్రెస్టెడ్" నొక్కడం తనంతట తానే నేర్చుకుంటాడు.

ఆరో అడుగు: అరగంటలో సెట్టింగులు

ఇవి పిల్లల చేతే చేయించండి. అంతా ఒకేరోజు వద్దు, వాళ్లు ఎంచుకున్న సున్నాకు పనికొచ్చేవి ముందు.

నోటిఫికేషన్లు అన్నిటికన్నా ముందు. మనుషులు పంపే మెసేజ్‌లు, కాల్స్ ఉంచి మిగతావన్నీ ఆపేయండి. "మీకోసం కొత్త రీల్" అని పిలిచేది మనిషి కాదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో పుట్టిన తేదీ సరిగా ఉందో చూడండి. చాలామంది పిల్లలు ఖాతా తెరిచేటప్పుడు వయసు ఎక్కువ వేసుకుంటారు. అసలు వయసే ఉంటే 18 లోపు వారికి టీన్ అకౌంట్ దానంతటదే వస్తుంది. మన దేశంలో ఇది 2025 ఫిబ్రవరిలో మొదలైంది. ఖాతా ప్రైవేట్‌గా ఉంటుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, రోజుకు 60 నిమిషాలయ్యాక ఆపమని గుర్తుచేస్తుంది, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు మూగబోతాయి. 16 ఏళ్లలోపు వాళ్లు వీటిని సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇన్‌స్టాగ్రామ్‌కైనా వాట్సాప్‌కైనా 13 ఏళ్లు నిండాలి. ఏడో తరగతి పిల్లలకు చాలామందికి ఇంకా నిండవని మర్చిపోకండి.

లైకుల సంఖ్య కనబడకుండా పెట్టుకునే వీలు ఇన్‌స్టాలో 2021 నుంచీ ఉంది. ఫొటో పెట్టి లైకులకోసం కుమిలే పిల్లలకు ఇది నిజంగా ఊరట. వాట్సాప్‌లో ప్రైవసీలోకి వెళ్లి, గ్రూపుల్లో చేర్చే వీలు తన కాంటాక్టులకే ఉండేలా మార్చండి. గోల గ్రూపులు మ్యూట్ చేయండి. యూట్యూబ్‌లో "టేక్ ఎ బ్రేక్" రిమైండర్ ఉంది. చూసిన వీడియోల చరిత్ర తుడిచేసి ఆపేస్తే హోమ్ పేజీలో సిఫారసులు దాదాపు పోతాయి, అప్పుడు కావలసింది వెతికి చూడాల్సిందే.

అమ్మ ఫోనే పిల్లలూ వాడే ఇళ్లు మన దగ్గర ఎక్కువ. అక్కడ పెద్దలు చూసినవాటిని బట్టి పిల్లలకు సిఫారసులొస్తాయి. అదే ఫోన్‌లో పిల్లల పేరుతో, సరైన వయసుతో ఇంకో గూగుల్ ఖాతా పెట్టి, యూట్యూబ్ తెరిచేటప్పుడు ఖాతా మార్చుకోవడం నేర్పండి. రెండు నిమిషాల పని, చాలా గొడవలు తప్పుతాయి.

ఏడో అడుగు: రాత్రి

ఒకే ఒక్క నియమం పెట్టగలిగితే నేను ఇదే పెడతాను. పడుకునే చోట ఫోన్ ఉండకూడదు.

13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఒంట్లో కాస్త ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే తొమ్మిదికే నిద్ర రావట్లేదన్న పిల్లల మాట అబద్ధం కాదు. ఆ నిద్రరాని అరగంటలోకి ఫోన్ దూరితే అది రెండు గంటలవుతుంది. పొద్దున్నే ట్యూషన్ ఉంటే మిగిలే నిద్ర ఐదారు గంటలు. మర్నాడు క్లాసులో కునుకుతున్న పిల్లాణ్ణి చదువు మీద శ్రద్ధ లేదని తిడతాం. రాత్రి పన్నెండింటికి మనసు కూడా బలహీనంగా ఉంటుంది. పగలు పట్టించుకోని ఒక్క కామెంట్ అప్పుడు ఏడిపిస్తుంది.

చేసే విధానం సులువే. ఇంటిల్లిపాది ఫోన్లూ ఒకేచోట చార్జింగ్ పెట్టాలి. టీవీ పక్కనో, దేవుడి గదిలోనో, వంటింటి గట్టు మీదో. ఒకే గది ఉన్న ఇల్లయితే చేతికందని ఎత్తున అటక మీద పెట్టినా చాలు. "అలారం కోసం కావాలి" అంటారు, ఒక మామూలు అలారం గడియారం కొనివ్వండి. నాన్న కాల్ రాత్రి ఆలస్యంగా వస్తుందంటే, ఆ కాల్ అయ్యాకే ఫోన్లు పెట్టేసే వేళ అనుకోండి. నాన్నతోనూ ఈ సంగతి చెప్పండి, ఆయనే పిల్లలతో "ఇక పెట్టేసి పడుకో అమ్మా" అంటే దానికుండే బలం వేరు. ఫోన్‌లో బెడ్‌టైమ్ మోడ్ పెడితే ఆ వేళకు తెర రంగులు పోయి బూడిదరంగులోకి మారుతుంది. రంగుల్లేని రీల్స్ చప్పగా ఉంటాయి.

ఎనిమిదో అడుగు: ఆ గంటలో ఏం చేయాలి

ఫోన్ తీసేసిన గంట ఊరికే వదిలేస్తే మళ్లీ ఫోనే వస్తుంది. అలాగని "పుస్తకం చదువు" అని పాఠ్యపుస్తకం చేతిలో పెట్టడం అన్యాయం. బడి నుంచి వచ్చిన పిల్లలకు అలసట తీరాలి, స్నేహితులు కావాలి, నవ్వు కావాలి. రీల్స్‌లో వాళ్లు వెతుక్కున్నదీ అదే.

శ్రీకాకుళంలో ఉంటే కోడి రామ్మూర్తి స్టేడియం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో స్థాపించిన కథానిలయం ఉంది. అక్కడ వేల కథల మధ్య ఒక మధ్యాహ్నం గడిపితే చదవడం మీద ఇష్టం లేనివాళ్లకూ ఏదో ఒకటి తగులుతుంది. విజయనగరంలో 1919 నుంచీ నడుస్తున్న సంగీత కళాశాల ఉంది. ఊళ్లో అయితే వాలీబాల్ కోర్టు ఒక్కటి చాలు, సాయంత్రం దీపాలు పెట్టేదాకా పిల్లలు ఫోన్ ఊసెత్తరు. ఆడపిల్లలకూ ఆ కోర్టులో గంట ఇవ్వాలి. వాళ్లకు ఊళ్లో చోటు లేకుండా చేసి, ఇంట్లో కూర్చుని ఫోన్ చూస్తోందని నిందించడం ధర్మం కాదు.

ఫోన్ మీదే ఇష్టమున్న పిల్లలను చూడడం నుంచి చేయడం వైపు తిప్పవచ్చు. తాతయ్య చేత పాత తుపాను సంగతులు చెప్పించి రికార్డు చేయడం, ఊరి తప్పెటగుళ్ల బృందం మీద రెండు నిమిషాల వీడియో తీయడం, బుడితి ఇత్తడి పనివాళ్ల దగ్గరకెళ్లి అడగడం. ఎడిటింగ్‌కు రెండు గంటలు పట్టినా నాకు అభ్యంతరం లేదు, అది పనితనం. ఒక్క హెచ్చరిక: రైలు పట్టాల మీద, కళింగపట్నం, చింతపల్లి తీరాల్లో అలల్లోకి దిగి వీడియోలు వద్దని ముందే గట్టిగా చెప్పండి.

తొమ్మిదో అడుగు: ఆపద వస్తే మన దగ్గరకే రావాలి

ఇది ముందే మాట్లాడుకోవాలి. జరిగాక మాట్లాడితే ఆలస్యం.

ఎవరో పరిచయమై ఫొటో అడుగుతారు. తర్వాత డబ్బు పంపకపోతే అందరికీ పంపిస్తానని బెదిరిస్తారు. లేదా మామూలు ఫొటోనే మార్ఫింగ్ చేస్తారు. అప్పుడు ఆడపిల్ల మనకు చెప్పకపోవడానికి కారణం ఒక్కటే, చెబితే చదువు మాన్పిస్తారని, ఫోన్ లాక్కుంటారని భయం. మగపిల్లలు పరువుకు భయపడి చెప్పరు, వాళ్లనూ ఇలా బెదిరిస్తారని చాలా ఇళ్లల్లో తెలియనే తెలియదు. కాబట్టి ఈరోజే చెప్పండి: "నీకేం జరిగినా నాకు చెప్పు. తిట్టను, కొట్టను, చదువు మాన్పించను." ఆ మాట మీద నిలబడండి.

జరిగితే చేయాల్సిన పని ఇది. డబ్బు పంపొద్దు, పంపితే మళ్లీ అడుగుతారు. చాట్ తుడిచేయొద్దు. బెదిరించిన మెసేజ్‌లు, ప్రొఫైల్ పేరు, ఫోన్ నంబర్, యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్లు తీసుకోండి. తర్వాత రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేయండి. సైబర్ నేరాలకు 1930కి ఫోన్ చేయవచ్చు, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. పిల్లలకు సహాయం చేసే 1098 పగలూ రాత్రీ పనిచేస్తుంది. 18 ఏళ్లలోపు వారి నగ్నచిత్రాలు వ్యాపించకుండా ఆపడానికి "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఉంది. ఫొటోను ఎవరికీ పంపక్కర్లేదు, దాని వేలిముద్ర లాంటి డిజిటల్ గుర్తు మాత్రమే మన ఫోన్‌లోనే తయారై వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివి ఆ గుర్తుతో వెతికి తీసేస్తాయి.

ఇంకొకరి పిల్లల అలాంటి ఫొటో గ్రూపులోకి వస్తే ముందుకు పంపడం కూడా ఐటీ చట్టం 67బి కింద నేరమేనని మీ పిల్లలకు చెప్పండి. సరదాకి పంపానంటే చట్టం వినదు. అవతలి పిల్ల బతుకు ఏమవుతుందో అది అంతకన్నా పెద్ద మాట.

కొన్ని సంగతులు ఇంట్లో తేలేవి కావు. పిల్లలు వారాల తరబడి నిద్ర, తిండి మానేసినా, స్నేహితులను వదిలేసినా, ఫోన్ తీసుకుంటే చేయి చేసుకుంటున్నా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి అన్నా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు, ఉచితం. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. అటువంటి మాటను "బెదిరిస్తున్నాడు" అని కొట్టిపారేయడం ఎప్పటికీ వద్దు.

పదో అడుగు: కాగితం మీద రాసుకోవడం, మళ్లీ చూసుకోవడం

నెల చివర ఒక్క పేజీ ఒప్పందం రాయండి. పిల్లలే రాయాలి, వాళ్ల మాటల్లో. మూడు నాలుగు వాక్యాలు మించకూడదు. "బడి నుంచి వచ్చాక ముందు తింటాను, ఆడుకుంటాను, ఆరు తర్వాతే ఫోన్." "పదింటికి అందరి ఫోన్లూ వంటింట్లో." "నా మెసేజ్‌లు అమ్మ చదవదు, నాకు భయమేస్తే నేనే చూపిస్తాను." పెద్దలు చేసేవి కూడా అందులో ఉండాలి, అందరూ సంతకాలు పెట్టాలి.

తప్పుతుంది. క్రికెట్ మ్యాచ్ రోజో, జ్వరం వచ్చిన వారమో అంతా తలకిందులవుతుంది. శిక్ష వేయకండి, "మళ్లీ ఎక్కడ జారింది?" అని నోటుబుక్కు తీయండి. రెండు వారాలకోసారి పావుగంట కూర్చుని పనికిరాని నియమం కొట్టేసి కొత్తది రాసుకోండి. నిలకడ కనిపిస్తే ఒక నియమం సడలించండి, పదిహేడేళ్లకు పన్నెండేళ్ల నియమాలు ఉండకూడదు. క్లాస్ టీచర్లు ఆ వారం నోటుబుక్కును తరగతంతా కలిసి చేయించవచ్చు, పేర్లు లేకుండా సున్నాలు ఎక్కడ పోగయ్యాయో బోర్డు మీద వేస్తే మాట్లాడాల్సింది పిల్లలే మాట్లాడతారు.

హాస్టల్ పిల్లలకు మాత్రం ఒప్పందం సెలవులకు ముందే జరగాలి. ఇంటికొచ్చిన మొదటి రెండు రోజులూ పెద్దగా పట్టించుకోకండి, నెలల తరబడి దూరమైన స్నేహితులను పలకరించుకోవాలి కదా. మూడోరోజు నుంచి రాత్రి నియమం అమల్లోకి వస్తుందని, ఆ రెండు రోజులు తనవేనని ఆదివారం హాస్టల్ ఫోన్‌లో మాట్లాడినప్పుడే చెప్పి, సరేనా అని అడగండి.